హెడ్మాస్టర్లను తయారుచేసే కోర్సు

ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న నన్ను పట్టుకుని, "మీలోని నాయకురాలు ఏ జంతువో బొమ్మ గీసి చూపించండి" అన్నాడు ఎల్దియార్ బెక్తురోవిచ్. అంటూ నా చేతిలో ఒక నీలం స్కెచ్ పెన్ను పెట్టాడు. నారిన్ పట్నంలో టీచర్లకు శిక్షణ ఇచ్చే పాత భవనం అది. తడిసిన చేతి తొడుగులు రేడియేటర్ మీద ఆరేసుకుని గది నిండా కూర్చున్నాం. అందరం తలలు పండినవాళ్ళమే. మా చేతి కింద ఊళ్ళకు ఊళ్ళు చదువుకుని వెళ్ళాయి. మాకు బడి నడపడం నేర్పడానికి రాజధాని బిష్కెక్ నుంచి దిగిన ఈ మహానుభావుడు మాత్రం జన్మలో ఒక్కసారైనా సుద్దముక్క పట్టుకుని పిల్లల ముందు నిలబడిన పాపాన పోలేదు.

నాకు ఒళ్ళు మండింది. అయినా గీశాను. ఆవును గీశాను.

"ఆవెందుకు, బురుల్చా కాదిరొవ్నా?"

"పిండేవాళ్ళు పిండుతూనే ఉంటారు. మేత వేసేవాడు మాత్రం కనపడడు. బళ్ళో నా బతుకు అదే."

"అద్భుతం! దీన్నే సహనం అంటాం!" అని వాడు ఆకుపచ్చ కాగితం మీద 'సహనం' అని రాసి గోడకు అంటించాడు. చెవిలో చెబితే ముక్కుతో విన్నట్టుంది నాకు.

నా పక్కన కూర్చున్న మైరంబెక్ మంచు చిరుతను గీశాడు. కొండ అవతల జార్-బులాక్ బళ్ళో ఆటల మాస్టరు వాడు. పిల్లల మధ్యకి బంతి విసిరేసి, గోడవారన ఎండలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమలడం తప్ప వాడు ఎవరికీ ఏమీ నేర్పలేదని ఆ చుట్టుపక్కల గొర్రెలకు కూడా తెలుసు. "శిఖరం మీద నుంచి చూస్తుందండీ, అదీ దూరదృష్టి" అన్నాడు. ఎల్దియార్ మురిసిపోయి మా అందరి చేతా చప్పట్లు కొట్టించాడు.

మైరంబెక్ నా వైపు వంగి ఇకిలించాడు. "చూస్కో అక్కా, నీ ఆవుని నా చిరుత తినేస్తుంది."

"తింటుందిలేరా. తర్వాత అరిగించుకోవాలిగా" అన్నాను.

ఇంత నోరున్నదాన్ని ఆ గదిలో ఎందుకు పడి ఉన్నానో చెప్పాలి. మా ఊరు సూక్-దోబో. మా హెడ్మాస్టరు ఎవరో పెద్దమనిషి వెనక ఫైళ్ళు మోసే ఉద్యోగం దొరికిందని రెండేళ్ళ కిందట పట్నం పోయాడు. అప్పటి నుంచి బడి నేనే నడుపుతున్నాను. బొగ్గు నేనే తెప్పిస్తాను, పొగగొట్టం ఊడిపడితే నేనే నిలబడి బిగింపిస్తాను, టీచరు రాకపోతే ఆ క్లాసులోకి నేనే పోతాను. పేరుకు మాత్రం 'తాత్కాలిక బాధ్యత'. ఇంతలో పైనుంచి కొత్త నియమం వచ్చింది. పది, పదకొండు తరగతులున్న ప్రతి బడికీ ఈ కోర్సు పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న హెడ్మాస్టరు ఉండాలి. వేసవి సెలవుల్లోగా లేకపోతే ఆ రెండు తరగతులూ ఎత్తేసి పిల్లల్ని జార్-బులాక్ బడికి పంపేస్తారు.

జార్-బులాక్ దారి కనుమ మీద నుంచి. చలికాలమంతా అది మంచు కింద ఉంటుంది. మగపిల్లలైతే అక్కడ చుట్టాల ఇళ్ళలో ఉండి చదువుకుంటారేమో. ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? తొమ్మిదితో సరి. ఆ తర్వాత పెళ్ళి, అత్తగారి పశువుల పాక. నా పదో తరగతిలో అయ్‌జార్కిన్ అని ఒకతె ఉంది. నేను బోర్డు మీద లెక్క పూర్తి చేయకముందే "దీనికి ఇంకో దారుంది కదా అక్కా" అంటుంది. ఆ రెండో దారి నాకు తట్టనిదే అయి ఉంటుంది చాలాసార్లు. నేను కోర్సుకు బయల్దేరే రోజు వ్యాను దాకా వచ్చి నా సంచి అందించింది.

"అక్కా, మీరు పాసవ్వకపోతే వచ్చే ఏడు నేను పదకొండో తరగతిలో ఉండను. ఎవరింట్లోనో సమోవార్ ముందు కూర్చుని టీ పోస్తుంటాను. బుద్ధిగా చదువుకోండి."

"నీ నోరు పడ" అన్నాను. కానీ దారి పొడవునా ఆ మాటే చెవిలో గింగురుమంది. ఆ కోర్సులో ఏం చెప్పినా మింగుతానని ఆ వ్యానులోనే ఒట్టు పెట్టుకున్నాను.

మింగాను కూడా. ఒకళ్ళ కళ్ళకు గంతలు కట్టి ఇంకొకళ్ళు నడిపించే 'నమ్మకం ఆట' ఆడించాడు, ఆడాను. పాత వార్తాపత్రికలు చుట్టి గోపురం కట్టమన్నాడు, కట్టాను. 'నా దార్శనికత' అని వ్యాసం రాయమన్నాడు, రాశాను. క్లాసులో పిల్లాడు పక్కవాడిది చూసి రాస్తే చెవి మెలేసే పెద్దలంతా ఆ వ్యాసాన్ని ఒకరి దగ్గర ఒకరు నిస్సిగ్గుగా ఎత్తి రాసుకున్నారు. ఎల్దియార్ అన్నింటికీ 'అద్భుతం' అనే పెట్టాడు. చదివితే కదా!

ఒక్కసారి మాత్రం పట్టలేక చెయ్యెత్తాను.

"చలి ముదరకముందే మాకు బొగ్గు అయిపోతుందండీ. రష్యన్ చెప్పే అమ్మాయి బడి తెరిచిన నెలకే మాస్కో పోయి హోటల్లో గిన్నెలు కడుగుతోంది. బొగ్గు కోసం ఎవరి మీద ఒత్తిడి తేవాలి? ఆ పిరియడ్లు ఎవరికివ్వచ్చు, ఎవరికివ్వకూడదు? హెడ్మాస్టరుకి చట్టప్రకారం ఏ అధికారం ఉంది? అది చెప్పండి, రాసుకుంటాను."

వాడు జాలిగా నవ్వాడు. "బురుల్చా కాదిరొవ్నా, ముందు మీరు సమస్య అనే మాటలోంచి బయటికి రావాలి. 'సవాలు' అని చూడండి, మనసు ఎంత తేలికవుతుందో."

"సవాలు అంటే పొయ్యి అంటుకుంటుందాండీ?"

గది ఘొల్లుమంది. వాడు ముఖం గంటుపెట్టుకున్నాడు. పసుపు కాగితం మీద 'ప్రతికూల ఆలోచన' అని రాసి, నా ఆవు బొమ్మ కింద అంటించాడు. చట్టం సంగతి ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. వాడికి తెలిసి ఉంటే కదా.

కోర్సు చివర్లో అసలు పరీక్ష. ఎవరి బడికి వాళ్ళు వెళ్ళిపోవాలి. ఎల్దియార్ మరో ఇద్దరు తలలాడించేవాళ్ళను వెంటేసుకుని కమిటీగా వస్తాడు. బడిని మనం ఎలా నడుపుతున్నామో చూసి మార్కులేస్తాడు. కోర్సులోని తోటివాడు ఒకడు 'సహ పరిశీలకుడు' అనే పేరుతో కూడా వస్తాడు. ఆ పరీక్ష నియమాల్లో గొర్రె మాట ఎక్కడా ఉండదు. గొర్రె కొయ్యకుండా పాసైనవాడిని మాత్రం ఒక్కడిని చూపించండి, వాడి కాళ్ళు కడుగుతాను.

నా దురదృష్టం కొద్దీ నాకు సహ పరిశీలకుడిగా మైరంబెక్ పడ్డాడు. వాడి పరీక్ష అంతకు ముందు వారమే అయింది. కమిటీ కంటే ముందు వ్యాను దిగి, మా వంటగదిలోకి సరాసరి వచ్చేసి, పాకంలోంచి తీస్తున్నట్టు మాట్లాడటం మొదలెట్టాడు.

"అక్కా, నీ మంచికోరి చెప్తున్నా. మా ఇంట్లో విందులో సారు ముందు గొర్రె తల పెట్టాను. పద్ధతే కదా, గౌరవం కదా. 'అయ్యో, అది నన్నే చూస్తోంది, తీసేయండి' అని కెవ్వుమన్నాడు. పట్నంలో సాసేజీలు తిని పెరిగినోడు, ఏం చేస్తాం! నా ప్రాణం పోయిందనుకో. చివరికి గుర్రపు మాంసం కట్ట కట్టి కారులో పెట్టి ఎలాగో గట్టెక్కాను. నువ్వు ఆ తప్పు చెయ్యకు. తల పెట్టకు. తుంటి పెట్టు."

"తుంటి ఇమాన్‌కుల్ మాస్టారిది" అన్నాను.

"ఎవరూ?"

"గదిలో అందరికంటే పెద్దాయనది. నువ్వు ఏ కొండల్లో పుట్టావురా?"

మాంసం పంచడం అంటే మా లోయలో ఆషామాషీ కాదు. ఏ ఎముక ఎవరికన్నది తాతల నాటి నుంచి వస్తున్న లెక్క. తల, వయసులో చిన్నవాడైనా గౌరవించవలసిన అతిథికి. తుంటి ఎముక, మేం జంబాష్ అంటాం, అది అక్కడున్న వాళ్ళందరిలోకీ పెద్దవాడికి. పదవి లెక్క లేదు, వయసే లెక్క. మంత్రి వచ్చి కూర్చున్నా సరే, పక్కన ముసలి గొర్రెలకాపరి ఉంటే తుంటి కాపరిదే. అది అందుకున్న పెద్దాయన తన కత్తితో మాంసం కోసి చిన్నవాళ్ళకు తన చేత్తో పెడతాడు. ఆ ముక్క దీవెన. తప్పు మనిషికి తప్పు ఎముక పెట్టారని తరాల తరబడి మాటల్లేని కుటుంబాలు మా దగ్గర ఉన్నాయి.

మైరంబెక్ చేతులు ఊపాడు. "మాస్టారికి నువ్వు పెట్టేది ఎముక. ఈయన నీకు పెట్టేది సర్టిఫికెట్. లెక్కల టీచరువి, ఆ మాత్రం లెక్క రాదా?"

"బయటికి నడువు. ఇది వంటగది" అన్నాను.

కమిటీ వచ్చింది. కోట్లు విప్పకుండానే బడి చుట్టేశారు. పొయ్యిలు వెచ్చగా ఉన్నాయా అని చూడలేదు. పిల్లల పుస్తకాలు తెరవలేదు. 'దార్శనికత బోర్డు' ఎక్కడ అని అడిగారు. చూపించాను. ఒకడు దాన్ని ఫొటో తీశాడు. పదో తరగతిలో అయ్‌జార్కిన్ బోర్డు దగ్గర ఉంది. లెక్క ఏమిటో అడగకుండా ఎల్దియార్ మెడ ఓ పక్కకి వాల్చి, "భవిష్యత్తులో నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావమ్మా?" అన్నాడు.

"పదకొండో తరగతిలో సార్" అంది. "మీరు దయతలిస్తే."

వాడు నవ్వాడు. అది నవ్వే మాట కాదని వాడికి అర్థం కాలేదు.

అక్కడి నుంచి మా ఇంటికి. మా ఆయన సాతార్ మందలోంచి ఏరి కోరి తెచ్చిన పొట్టేలు పెద్ద కడాయిలో ఉడుకుతోంది. ఇమాన్‌కుల్ మాస్టారు అప్పటికే వచ్చి, గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట కూర్చుని ఉన్నారు. ఆయనకి ఎనభై నాలుగు. నాకు లెక్కలు నేర్పింది ఆయనే. ఒకప్పుడు మా బళ్ళో తొమ్మిదితో చదువు ఆగిపోయేది. పై తరగతులు కావాలని ఆయన గుర్రమెక్కి కనుమ దాటి పోయి, జిల్లా ఆఫీసు గుమ్మంలో తిష్ఠ వేసి, వాళ్ళు విసుగెత్తి 'సరే తీసుకో' అనేదాకా లేవలేదు. ఆ తరగతుల్లోనే చదివి నేను టీచర్నయ్యాను. మా ఊళ్ళో చదువుకున్న ప్రతి ఆడదీ ఆ తరగతుల్లోంచి వచ్చిందే.

మైరంబెక్ లోపలికి రాగానే ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "తాతా, కాస్త ఇటు జరుగు. సారు పైన కూర్చోవాలి."

మాస్టారు వాడివైపు ఓసారి చూసి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా జరిగారు. ఎల్దియార్ 'పర్వాలేదు, పర్వాలేదు' అంటూనే ఆ దిండు మీద చతికిలబడ్డాడు. అయ్‌జార్కిన్, దాని ఈడు పిల్లలు ఇద్దరూ టీ పోస్తున్నారు. వాళ్ళ ముఖాలు చూసి, మింగు బురుల్, ఇంకొక్క పూట మింగు అనుకున్నాను.

టీ అయింది, వేయించిన పిండి ముక్కలయ్యాయి, జామ్ అయింది. మాంసం పళ్ళెం వచ్చింది. పంచాల్సింది ఇంటి యజమాని. సాతార్ లేవబోతుంటే మైరంబెక్ వచ్చి పళ్ళెం అందుకున్నాడు. "అన్నా, నువ్వు అలిసిపోయావు, నేనున్నాగా" అన్నాడు. సాతార్ మెత్తని మనిషి, అతిథి చేతిలోంచి పళ్ళెం లాక్కోడు. మైరంబెక్ సరాసరి వెళ్ళి తుంటి ఎముకను ఎల్దియార్ ముందు పెట్టాడు. మాస్టారి ముందు ఒక వెన్నుపూస ముక్క పడేశాడు. మా దగ్గర అది పిలవకుండా వచ్చిన పొరుగువాడికి కూడా పెట్టరు.

మాస్టారు అప్పటికే నడుముకు ఉన్న ఒరలోంచి కత్తి సగం తీశారు. పళ్ళెంలోకి చూసి మళ్ళీ ఒరలోకి తోసేశారు. సాతార్ నా వైపు చూశాడు. వద్దని తల ఊపాను. ఒక్క ఎముక, రెండు తరగతులు. లెక్క నాకూ వచ్చు.

ఎల్దియార్ ఆ ఎముకను ఫోర్కుతో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అబ్బో, ఎంత కొవ్వండీ! మెత్తటి ముక్క లేదా?" అన్నాడు. మొరటోడికి మొగలిపువ్వు ఇచ్చినట్టయింది. వాడు దాన్ని పక్కకు నెట్టి, మాంసంతో పెట్టిన సేమ్యా నములుతూ ప్రసంగం ఎత్తుకున్నాడు. వచ్చే ఏడు నుంచి కోర్సులో కొత్త పాఠం పెడుతున్నాడట. 'మన సంప్రదాయ విలువలతో నాయకత్వం' అట. పెద్దల పట్ల గౌరవం, అతిథి మర్యాద, వీటిని బడి నడపడంలో ఎలా వాడుకోవాలో స్లైడులు కూడా తయారయ్యాయట. తలలాడించేవాళ్ళిద్దరూ తలలాడించారు. మాస్టారు వెన్నుపూస ముక్కను ముట్టుకోకుండా కిటికీలోకి చూస్తున్నారు.

అక్కడితో ఆగి ఉంటే నేను మింగేసి ఉందును. చివర్లో అందరూ మిగిలింది ఇంటికి కట్టించుకుంటారు కదా, అది మర్యాదే. ఎల్దియార్ కూడా సంచీ అడిగాడు. మైరంబెక్ పరిగెత్తి ఒక పాలిథిన్ సంచీ తెచ్చాడు. ఆ తుంటి ఎముకను అందులో వేస్తూ ఎల్దియార్ అన్నాడు కదా: "మా రెక్స్‌కి పండగే! ఇలాంటి ఎముకలంటే వాడికి ప్రాణం. ఫ్లాట్‌లో ఇవి ఎక్కడ దొరుకుతాయి పాపం."

"మీ అబ్బాయాండీ?" అన్నాడు సాతార్ అమాయకంగా.

"కుక్కండీ. జర్మన్ షెపర్డ్."

నేను లేచాను. ఎలా లేచానో నాకు తెలియదు. వెళ్ళి వాడి చేతిలోంచి ఆ సంచీ తీసుకున్నాను.

"ఎల్దియార్ బెక్తురోవిచ్, మీ కుక్కకి ఎన్నేళ్ళు?"

"మూ... మూడు. ఎందుకు?"

"మా మాస్టారికి ఎనభై నాలుగు. కాబట్టి ఇది ఆయనది."

ఎముకను బయటికి తీసి, శుభ్రమైన పళ్ళెంలో పెట్టి, మాస్టారి ముందు పెట్టాను. వెన్నుపూస ముక్కను తీసి మైరంబెక్ ముందు పడేశాను.

"అక్కా! పిచ్చిపట్టిందా నీకు? కూర్చో!" మైరంబెక్ గొంతు కీచుమంది.

"నోర్ముయ్. చిరుతనట చిరుత! చిరుత ఎవడి కుక్క కోసమైనా సంచీ పట్టుకుని పరిగెడుతుందా?" ఎల్దియార్ వైపు తిరిగాను. "మీరు వారాల తరబడి నాకు బడి నడపడం నేర్పారు. ఎవరు పెద్దో, ఎవరు చిన్నో, ఎవరి ముందు ఏం పెట్టాలో మీకు నేర్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అది తెలియనివాడు బడి కాదు కదా, కోళ్ళ గూడు కూడా నడపలేడు. రాసుకోండి, ఆ పసుపు కాగితం మీదే రాసుకోండి."

అప్పుడు మాస్టారు అన్నారు, "కూర్చో బురుల్. ఆ అబ్బాయికి తెలియదు. తెలియనివాడిని తిట్టకూడదు." అంటూ మైరంబెక్ వైపు తిరిగారు. "తెలిసి చేసినవాడిని తిట్టాలి. వాడిని తిట్టావు కదా, చాలు."

కత్తి తీశారు. తుంటి మీద మాంసం పలచగా కోశారు. టీ పోస్తున్న పిల్లల్ని దగ్గరకి పిలిచి ఒక్కొక్కరికీ తన చేత్తో పెట్టారు. అయ్‌జార్కిన్ వంతు వచ్చేసరికి, "పదకొండు పూర్తి చెయ్యి తల్లీ" అన్నారు. అది రెండు చేతులూ చాపి తీసుకుంది. తర్వాత ఆయన అన్నిటికంటే మందమైన కొవ్వు ముక్క కోసి ఎల్దియార్ నోటి దగ్గరకు చాపారు.

"తిను బాబూ. నువ్వూ చిన్నవాడివే."

పెద్దవాడి చేతి ముక్క కాదనడం కుదరదు. అంతమాత్రం వాడికీ తెలిసినట్టుంది, లేదా గదిలో అందరూ చూస్తుంటే భయమేసిందో. నోరు తెరిచాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నమిలాడు, నమిలాడు, ఎంతకీ మింగుడు పడలేదు. నా జన్మలో అంత రుచిగా ఎవరూ తినడం చూడలేదు.

మార్కులు వారంలో వచ్చాయి. 'భావోద్వేగాల మీద అదుపు లేదు. నాయకత్వ బాధ్యతకు సిద్ధంగా లేరు.' సర్టిఫికెట్ లేదు. అంతే. పదో తరగతి గదిలోకి వెళ్ళి చెప్పాను. అయ్‌జార్కిన్ ఏడవలేదు. "పోనీలెండి అక్కా, ఆ ముక్క మాత్రం బాగుంది" అంది. అది ఏడ్చి ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ఇంటికొచ్చి సాతార్ మీద అరిచాను. "నా నోరు తగలెయ్య! ఒక ఎముక కోసం ఆ పిల్లల బతుకులు బుగ్గి చేశాను. ఆ కుక్కకే పోనిస్తే ఏం పోయేది?"

"పోనిచ్చుంటే మాస్టారి ముఖం ఎలా చూసేదానివి?" అన్నాడు.

"మాస్టారి ముఖం చూడగలుగుతున్నాను. దాని ముఖమే చూడలేకపోతున్నాను."

సాతార్ లేచి పొయ్యిలో బొగ్గు వేశాడు.

మంచు కరిగి కనుమ తెరుచుకున్నాక జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. సూక్-దోబో బడికి సర్టిఫికెట్ ఉన్న హెడ్మాస్టరును వేశారు. కాబట్టి పది, పదకొండు తరగతులు యథాప్రకారం ఉంటాయి. హెడ్మాస్టరు పేరు మైరంబెక్.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడు వచ్చాడు. అద్దం కట్టిన సర్టిఫికెట్‌ను సంచిలో పెట్టుకుని, కొత్త కోటు వేసుకుని వచ్చాడు. నేను రెండేళ్ళు కూర్చున్న గదిలో మేకు ఎక్కడ కొట్టాలో తెలియక గోడల వంక చూస్తూ నిలబడితే, కిటికీ పక్కన పెచ్చు ఊడిన చోటు చూపించాను. "అక్కడ పెట్టు. గాలి అక్కడి నుంచే వస్తుంది." పెట్టాడు. నిజంగానే గాలి ఆగింది. ఆ కాగితం వల్ల జరిగిన ఉపకారాల్లో అది రెండోది.

ఆ సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్ళాను.

"తరగతులు ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయి మాస్టారూ."

"ఇంకేం మరి. ఆ కుర్చీలో ఏ మేక కూర్చుంటే మనకేంటి?"

"మీకేం లేదు. నాకుంది" అన్నాను. "ఆ కుర్చీ నాది మాస్టారూ. ఆ బడి నేను నడిపాను. ఆ వెధవ కింద నేను చేతులు కట్టుకుని నిలబడాలా?"

ఆయన గిన్నెలో టీ పోసి నా వైపు జరిపారు. అదీ సగమే పోశారు. మా దగ్గర నిండా పోస్తే తాగి వెళ్ళిపొమ్మని, సగం పోస్తే కాసేపు కూర్చోమని. కూర్చున్నాను. ఏడ్చాను కూడా, దాచేదేముంది.

మర్నాడు పొద్దున్నే మైరంబెక్ నా క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో బొగ్గు దరఖాస్తు. వచ్చే చలికాలానికి ఇప్పుడే పంపకపోతే పిల్లలు పొయ్యి ముందు వణకాల్సిందే. లోపల అయ్‌జార్కిన్ బోర్డు దగ్గర సుద్దముక్కతో ఆగి మా ఇద్దరినీ చూస్తోంది.

"అక్కా, కోపం ఉంచుకోకు. కాస్త చూడు. ఇది ఎవరికి పంపాలి? ఎన్ని టన్నులు రాయాలి? కోర్సులో ఇవేవీ చెప్పలేదు కదా."

"నేనడిగాను. నువ్వు నవ్వావు."

వాడు తల గోక్కున్నాడు. చేతిలోంచి ఆ కాగితం లాక్కుని, అక్కడే గుమ్మానికి ఆనించి అంతా నింపాను. ఎవరికి పంపాలో రాశాను, ఎంత కావాలో రాశాను, కిందటేడు వాళ్ళు ఎగ్గొట్టింది కూడా రాశాను. తిరిగి వాడి చేతిలో పెట్టి, పెన్ను ఇచ్చాను.

"సంతకం పెట్టు."

కాగితాన్ని పై నుంచి కిందకి వెతికాడు. "ఎక్కడక్కా?"

వేలు పెట్టి చూపించాను. "అదిగో, అడుగున. హెడ్మాస్టరు అని రాసుందే, అక్కడ."